రెండేళ్లలో పదిహేను కిలోలు

మా మెడికల్ షాపు ముందు బరువు చూసే మిషన్ ఒకటి ఉంది. తెనాలిలో మా వీధి వాళ్లందరికీ అది తెలుసు. రైలుకి వెళ్లేవాళ్లు, కూరగాయలకొచ్చినవాళ్లు, స్కూలు పిల్లలు, రోజుకు పాతిక మంది దాకా ఎక్కి దిగుతుంటారు. దాన్ని తుడిచేదీ, ప్లగ్గు పెట్టేదీ, పాడైతే బాగు చేయించేదీ నేనే. అయినా దాదాపు మూడేళ్ల పాటు నేను దాని మీద కాలు పెట్టలేదు.

2022 నవంబరులో ఒక రోజు పొద్దున్నే షాపు తీసి, ఎవరూ రాకముందే ఎక్కాను. 98.6 కిలోలు. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. అప్పటికి నా వయసు 46. ఇప్పుడు 2026 మొదట్లో అదే మిషన్ 83.4 చూపిస్తోంది. ఈ పదిహేను కిలోలు తగ్గడానికి నాకు రెండేళ్లు పైనే పట్టింది. ఆ తర్వాత ఏడాదిగా 82కీ 84కీ మధ్యే ఉంటున్నాను. నాకు ఎక్కువ సంతోషం ఈ రెండో సంగతే. తగ్గడం నాకు అంతకుముందు కూడా చేతనైంది. తగ్గినది నిలబెట్టుకోవడమే చేతకాలేదు.

ముందు ఆ పాత కథ చెప్పాలి. 2018లో వాట్సాప్‌లో ఎక్కడ చూసినా డైట్ల గోలే. మా స్నేహితుల గ్రూపులో ఒకతను పెట్టిన చార్టు పట్టుకుని నేనూ మొదలుపెట్టాను. అన్నం లేదు, ఇడ్లీ లేదు, పప్పు లేదు, పండు ముక్క కూడా లేదు. గుడ్లు, మాంసం, నూనె, సూప్. మొదటి వారంలోనే నాలుగు కిలోలు పోయాయి. ఆ నాలుగు కిలోలే నన్ను ముంచాయి. అదంతా కొవ్వు కరిగిందనుకున్నాను. మందుల షాపు నడుపుతున్నా నాకు అప్పుడు తట్టని విషయం ఏంటంటే, మనం తిన్న పిండి పదార్థం కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. అన్నం ఒక్కసారిగా మానేస్తే ఆ నిల్వ ఖర్చయిపోయి నీరు కూడా వెళ్లిపోతుంది. మొదటి వారం మిషన్ చూపించేది ఎక్కువగా ఆ నీళ్ల లెక్కే.

డెబ్బై రోజుల్లో 94 నుంచి 82.5కి వచ్చాను. షాపుకొచ్చిన ప్రతివాళ్లూ "ఏం చేశావన్నా" అని అడిగేవాళ్లు. ప్యాంట్లు నాలుగు టైలర్ దగ్గర నడుము తగ్గించి కుట్టించాను. కానీ ఇంట్లో సంగతి వేరు. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి నిద్రలోంచి లేచేవాణ్ణి. విరేచనం సాఫీగా అయ్యేది కాదు. చిల్లర లేదన్న చిన్న మాటకే కస్టమర్ మీద అరిచేవాణ్ణి. మూడో నెలలో ఒక రోజు తలస్నానం చేసి వచ్చాక మా ఆవిడ తువ్వాలు తెచ్చి నా ముందు పరిచింది. తెల్ల తువ్వాలు మీద వెంట్రుకలు ఉండలుగా ఉన్నాయి. ఆమె ఏమీ అనలేదు. తువ్వాలు అలా చూపించి వెళ్లిపోయింది.

ఆ నెలాఖరున మా బాబాయి కూతురి పెళ్లి. విస్తరి ముందు కూర్చున్నాను. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి, పులిహోర. డెబ్బై రోజుల తర్వాత అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ పూట తిన్నది తప్పు కాదు. కానీ నేను పట్టుకున్న పద్ధతిలో ఆ ముద్దకు చోటే లేదు. ఒక్క ముద్ద తింటే మొత్తం పోయినట్టే. పోయిందనుకున్నాక ఇంకేముంది, మర్నాడూ తిన్నాను, ఆ మర్నాడూ తిన్నాను. 2020 సంక్రాంతికి 97. అదే టైలర్ దగ్గర ఆ నాలుగు ప్యాంట్లకీ కుట్లు విప్పించుకున్నాను. నాకు మనసు గట్టిది కాదని చాలాకాలం నన్ను నేనే తిట్టుకున్నాను. అది నిజం కాదని తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

2022 నవంబరులో మళ్లీ మిషన్ ఎక్కడానికి కారణం ఒక రక్త పరీక్ష. పరగడుపున షుగర్ 112. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ అంచున ఉన్నట్టు. మా నాన్నగారికి షుగర్ ఉండేది. చివరి రోజుల్లో కుడికాలి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఆ కట్టు రోజూ నేనే మార్చేవాణ్ణి. రిపోర్టు చూడగానే నాకు ఆ కట్టు వాసన గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గుంటూరులో ఒక డాక్టరు గారిని కలిశాను. ఆవిడ నాతో అరగంట మాట్లాడారు. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నారో చెప్పండి" అన్నారు. చెప్పాను. నేను డైట్ చార్టు అడిగితే ఇవ్వలేదు. "చార్టు మీకు ఇంతకుముందు ఉంది కదా, ఏమైంది?" అన్నారు. తర్వాత ఒక లెక్క చెప్పారు. అమెరికాలో 2002లో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయట. షుగర్ అంచున ఉన్నవాళ్లలో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లకు షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందట. "మీకు 7 శాతం అంటే ఏడు కిలోలు. వారానికి అర కిలో తగ్గితే ఎక్కువ. అంతకంటే తక్కువైనా ఫర్వాలేదు. ఏడాది టైం తీసుకోండి. ఈలోపు మీరేం తింటున్నారో మార్చకుండా రెండు వారాలు రాసి తీసుకురండి" అన్నారు.

ఏడు కిలోలకు ఏడాది అంటే నాకు మొదట నిరాశగా అనిపించింది. డెబ్బై రోజుల్లో పదకొండు కిలోలు చూసినవాణ్ణి. కానీ బస్సులో తిరిగొస్తూ అనుకున్నాను, ఆ పదకొండు కిలోల్లో ఇవాళ నా దగ్గర ఎన్ని మిగిలాయి అని.

రెండు వారాలు రాశాను. మా అబ్బాయి వాడేసిన లెక్కల నోటుబుక్కులో వెనక పేజీలు. వంటింట్లో చిన్న కాటా పెట్టి అన్నం తూచుకున్నాను. మధ్యాహ్నం 520 గ్రాములు, రాత్రి 400. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు. అంటే అన్నం ఒక్కటే దాదాపు 1200 కేలరీలు. టీలు రోజుకు ఆరు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార. అది 60 గ్రాములు. రోజుకు 50 గ్రాములు దాటొద్దు, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేను టీలోనే దాటేస్తున్నాను. సాయంత్రం షాపు పక్కన బండి మీద మిరపకాయ బజ్జీలు. రాత్రి పదింటికి షాపు కట్టేసి, పదకొండింటికి భోజనం, పన్నెండుకు పడక. నేను పెద్దగా తిననని అప్పటిదాకా నిజంగానే నమ్మాను. ఎందుకంటే స్వీట్ల జోలికి ఎక్కువ పోను. రాయడం వల్ల తెలిసిన మొదటి సంగతి, నన్ను లావు చేసింది పండగలూ పెళ్లిళ్లూ కాదని. మామూలు మంగళవారాలూ బుధవారాలే.

మా కంచంలోనే ఒక చిక్కు ఉంది. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు, మా ఆవిడ పట్టుకుంది. మనం కూరలో అన్నం తినం, అన్నంలో కూర తింటాం. ముందు పచ్చడి, దానికి అన్నం. తర్వాత పప్పు, దానికి అన్నం. కూరకు కొంచెం, పులుసుకో చారుకో ఇంకొంచెం, చివర పెరుగుకి మళ్లీ. ఐదు రకాలుంటే ఐదుసార్లు అన్నం పడుతుంది. నేను అన్నం తగ్గించి కూర ఎక్కువ వేసుకుందామని కూర్చుంటే నాలుగో ముద్దకే నోరు మండిపోయేది. మాది గుంటూరు జిల్లా చెయ్యి. కూరలో ఉప్పూ కారమూ అన్నంలో కలిపాక సరిపోయేలా ఉంటాయి. విడిగా తినడానికి కాదు. రెండు రోజులు నా అవస్థ చూసి ఆవిడే అంది: "ఏమండీ, కూర ఎక్కువ తినాలంటే మీరు మారితే చాలదు, కూర మారాలి."

అప్పటి నుంచి ఇంట్లో వంట మారింది. ఒక్కరోజులో కాదు, నాలుగైదు నెలల్లో. దొండకాయ వేపుడే తీసుకోండి. ఇంతకుముందు గరిటె నూనెలో మొదటి నుంచీ చివరిదాకా వేగేది. ఇప్పుడు ముక్కలు సన్నగా తరిగి, మూకుట్లో కాసిని నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి మూత పెడుతుంది. ముక్క మెత్తబడి నీరు ఇగిరిపోయాక అప్పుడు రెండు చెంచాల నూనె, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర. మంట పెంచి ఐదు నిమిషాలు కలియబెడితే అంచులు ఎర్రగా వస్తాయి. దించేముందు కారం సగం, పైన వేయించిన నువ్వులపొడి. ఆ కూర నేను పెద్ద గిన్నెడు వట్టిగా తినగలను. గోరుచిక్కుడు, బీన్స్, క్యాబేజీ ఇదే దారిలో నడిచాయి. బీరకాయకూ సొరకాయకూ అసలు నూనె ఎక్కువ అక్కర్లేదు, వాటి నీళ్లే సరిపోతాయి. వంకాయ ఒక్కటే లొంగలేదు. గుత్తివంకాయ గుత్తివంకాయలాగే కావాలి. అందుకని దాన్ని మార్చలేదు. నెలకు రెండుసార్లు, పద్ధతిగా నూనె వేసి, ఇష్టంగా తింటాం.

నూనె లెక్క నాకు పిచ్చిగా నచ్చింది. మా ఇంట్లో నలుగురం. నేను, మా ఆవిడ, అమ్మ, అబ్బాయి. ఐదు లీటర్ల క్యాను ఎప్పుడు కొంటామో, ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చూసేవాళ్లం కాదు. షాపులోంచి కట్లకు వాడే తెల్ల ప్లాస్టర్ ముక్క తెచ్చి క్యాను మీద అంటించి, తెరిచిన తేదీ పెన్నుతో రాశాను. ఇరవై ఐదు రోజులకు అయిపోయింది. అంటే ఒక్కొక్కరికి రోజుకు 45 గ్రాములు. గ్రాము నూనెకు 9 కేలరీలు. 400 కేలరీలు కంటికి కనబడకుండా పోతున్నాయన్నమాట. ఎవర్నీ ఏమీ అనకుండా, ప్రతి క్యానుకూ రెండు మూడు రోజులు ఎక్కువ వచ్చేలా చూద్దాం అని మాత్రం అనుకున్నాం. ఇరవై ఎనిమిది, ముప్పై, ముప్పై నాలుగు. ఏడాది తిరిగేసరికి నలభై రోజులు దాటింది. 2024 మే నెలలో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి భారతీయులకు కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేశాయి. అందులో రోజుకు 2000 కేలరీల తిండికి నూనె 27 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు అని చూసి, లెక్క వేస్తే మా క్యాను సరిగ్గా అక్కడికే చేరింది. ఆ రోజు మా ఆవిడకు ఆ పేజీ చూపించాను.

అన్నం మానలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలనుంది. రెండు వారాలకోసారి యాభై గ్రాములు తగ్గిస్తూ వచ్చాను. 520 నుంచి 470, 420, అలా 300 దగ్గర ఆగాను. రాత్రి 200. అంతకంటే తగ్గిస్తే రాత్రి తొమ్మిదికి చిరాకు మొదలవుతోంది, అది 2018 నాటి చిరాకు అని గుర్తుపట్టి అక్కడే ఆపాను. తగ్గించిన చోట ఖాళీ ఉంచకూడదని కూడా అర్థమైంది. పప్పు కాస్త గట్టిగా ఎక్కువ, రోజూ రెండు గుడ్లు, సాయంత్రం శనగ గుగ్గిళ్లు, ఆదివారం చేపల పులుసో కోడికూరో. గుడ్డుకు ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ప్రోటీన్ సరిగ్గా అందకపోతే, బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కండ పోతే శరీరానికి రోజువారీ అవసరం ఇంకా తగ్గిపోతుంది, తర్వాత అదే తిండికి పెరుగుతాం. 2018లో నాకు జరిగింది అదేనని ఇప్పుడు అనిపిస్తుంది. పొద్దున టిఫిన్‌లో పెసరట్టు ఉంచాను, లోపల ఉప్మా తీసేశాను.

అమ్మను ఒప్పించడం అన్నిటికంటే కష్టమైంది. అమ్మకు 74 ఏళ్లు. నేను కంచం ముందు నుంచి లేస్తుంటే "అప్పుడే అయిందా? ఒంట్లో బాగాలేదురా?" అనేది. ఒకసారి నేను వద్దంటున్నా పెరుగన్నం కలిపి ముద్ద చేతిలో పెట్టింది. నేను తినకుండా లేచాను. ఆ రాత్రి అమ్మ సరిగ్గా తినలేదని మా ఆవిడ చెప్పింది. మర్నాడు పక్కన కూర్చుని నాన్నగారి కాలి సంగతి ఎత్తాను. "నీ చేతి ముద్ద నాకు ఇంకో ముప్పై ఏళ్లు కావాలమ్మా, అందుకే ఇవాళ ఒకటి తగ్గిస్తున్నా" అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నుంచి పెరుగన్నం ముద్ద చిన్నది చేసి పెట్టేది. ఒక్కటే. దాన్ని నేను ఏ రోజూ కాదనలేదు. నోటుబుక్కులో ఆ ముద్ద కూడా రాసేవాణ్ణి.

టీలు ఆరు నుంచి మూడుకు తెచ్చాను. పంచదార రెండు చెంచాల నుంచి ఒకటిన్నర, ఒకటి, అర. నాలుక ప్రతి మార్పుకీ పది రోజులు గొడవ చేసి ఊరుకుంటుంది. రాత్రి భోజనం మా అబ్బాయి ఎనిమిదిన్నరకు క్యారేజీలో షాపుకి తెస్తాడు. లోపల మందుల అట్టపెట్టెల మధ్య కూర్చుని తింటాను. పదకొండింటికి పడుకోగలుగుతున్నాను. నిద్ర సరిపోయిన మర్నాడు ఆకలి మామూలుగా ఉంటుంది, సరిపోని మర్నాడు పదకొండు గంటలకే ఏదో ఒకటి నమలాలనిపిస్తుంది. ఇది నోటుబుక్కులో పేజీ పేజీకీ కనిపించింది. బజ్జీలు వారానికి ఒక్కసారి, శనివారం. బండతను నా పాత స్నేహితుడు. "ఏం బావా, మర్చిపోయావా" అని బాధపడితే, శనివారం తప్పకుండా వస్తానని మాటిచ్చి, ఆ మాట తప్పలేదు.

నడక పావుగంటతో మొదలుపెట్టాను. కాలవ గట్టు మీద, పొద్దున ఐదున్నరకు. మొదటి వారం మోకాళ్లు నొప్పి పెట్టాయి, అయినా పావుగంటే కాబట్టి మానాలనిపించలేదు. మూడో నెలకు నలభై నిమిషాలైంది. నడకతోనే బరువు తగ్గిపోతుందని నేను చెప్పను. నా బరువున్న మనిషి అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. రెండు బజ్జీలతో అది తిరిగొచ్చేస్తుంది. కానీ నడిచిన రోజు నా తిండి నా చేతిలో ఉండేది. ఎందుకో సరిగ్గా చెప్పలేను. నీళ్లు వదిలిన రోజుల్లో గట్టు మీద గాలి చల్లగా తగులుతుంది, మనసు తేలికపడుతుంది. వేసవిలో కాలవ కట్టేసి అడుగు బయటపడి ఉన్నప్పుడు కూడా మానలేదు. ఆరు నెలల తర్వాత షాపులో కుర్చీ పట్టుకుని గుంజీలు, గోడకు చేతులు ఆనించి దండీలు మొదలుపెట్టాను. రోజుకు పది నిమిషాలు.

బరువు ప్రతి ఆదివారం పొద్దున, నడక అయ్యాక, అదే మిషన్ మీద. మొదటి నెల కిలోన్నర. 2023 మే నాటికి 91.8. డాక్టరు గారు చెప్పిన ఏడు కిలోలు ఏడాది కాకముందే, ఆరు నెలలకే దాదాపు అయిపోయాయి. తర్వాత ఆగిపోయింది. మే చివర నుంచి ఆగస్టు మధ్య దాకా పదకొండు ఆదివారాలు. 91.6, 92, 91.7, 91.9. ఏమీ మార్చలేదు, అంతా రాస్తూనే ఉన్నాను, అయినా కదలదు. ఈ పదకొండు వారాల గురించి ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఆ టెన్షన్‌లో ఒక రోజు నా కౌంటర్ వెనకే ఉన్న బరువు తగ్గించే పొడి డబ్బా తీసి చదివాను. మళ్లీ అక్కడే పెట్టాను.

డాక్టరు గారికి ఫోన్ చేస్తే నవ్వి, "మీ శరీరం ఏడు కిలోలు తేలికైంది కదా, తేలికైన శరీరానికి తిండి తక్కువ చాలు. మొదట్లో తక్కువనిపించిన తిండి ఇప్పుడు సరిగ్గా సరిపోతోంది. కాస్త ఆగండి. నడుము కొలవండి" అన్నారు. టేపు పెట్టి చూస్తే మొదట్లో 108 సెంటీమీటర్లున్న నడుము 101కి వచ్చింది. మన మగవాళ్లకు 90 దాటకూడదంటారు, ఇంకా దూరమే. కానీ ఆ ఆగిన వారాల్లో కూడా రెండు సెంటీమీటర్లు తగ్గింది. బెల్టుకు కొత్త కన్నం మేకుతో వేసుకున్నాను. సెప్టెంబరులో మిషన్ మళ్లీ కదిలింది. నవంబరుకి 88.9.

2024 ఫిబ్రవరిలో అమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, ఆసుపత్రి, ఇల్లు, మొత్తం నలభై రోజులు. నడక లేదు, కాటా లేదు, రాత (నోటుబుక్కు) లేదు. దొరికినప్పుడు దొరికింది తిన్నాను. ఆసుపత్రి బయట రాత్రి ఒంటిగంటకు టీ, బిస్కెట్లు. ఏప్రిల్లో మిషన్ ఎక్కితే మూడు కిలోలు పెరిగాను. నాకు భయం వేసింది, 2018 కళ్లముందు తిరిగింది. కానీ ఈసారి ఒకటి తేడాగా ఉంది. తిరిగి వెళ్లడానికి నాకు ఒక చోటుంది. ఏ చార్టూ వెతుక్కోనక్కర్లేదు. మర్నాడు మా ఇంట్లో మామూలుగా వండే వంటే, మామూలు కంచమే. దొండకాయ కూర, పప్పు, 300 గ్రాముల అన్నం. పావుగంట నడక. మూడు కిలోలూ తగ్గడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలే ఈ మొత్తంలో నాకు గర్వంగా అనిపించేవి.

పెళ్లిళ్లకు వెళ్తాను. విస్తరిలో ముందు కూరలు తిని, ఇష్టమైన రెండు పదార్థాలు కడుపునిండా తిని, మిగతావి వడ్డించొద్దంటాను. కార్తీకమాసం వనభోజనాలకు వెళ్తాను. సంక్రాంతికి అరిసె తింటాను, మా ఊరి బెల్లం జిలేబి వేడిగా కనిపిస్తే ఒక చుట్ట తింటాను. మర్నాడు మిషన్ కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. ఒక్క రాత్రిలో అంత కొవ్వు పెరగడం కుదరదు, ఉప్పు పట్టి ఉంచిన నీరే చాలావరకు. రెండు మూడు రోజులకు అది పోతుంది. ఈ సంగతి తెలియక ఎంతమంది ఆ మర్నాడే అన్నీ వదిలేస్తారో నేను మా షాపు ముందే చూస్తుంటాను. మిషన్ దిగి, మొహం వాడిపోయి వెళ్లిపోతారు. వీలైతే పిలిచి కూర్చోబెట్టి చెబుతాను.

2024 డిసెంబరుకి 83.6. హెచ్‌బీఏ1సీ 5.6. డాక్టరు గారు రిపోర్టు చూసి, ఇక ఆరు నెలలకోసారి చేయించుకుంటే చాలన్నారు. నేను ఇంకా తగ్గాల్సిన బరువులోనే ఉన్నాను, ఆవిడ అది దాచలేదు. కానీ ఏడాది ఇక్కడే నిలబడమన్నారు. నిలబడ్డాను. జుట్టు రాలలేదు. పిక్కలు పట్టేయలేదు. ఇంట్లో ఎవరి మీదా అరవలేదు. మా ఆవిడ, తను ఏ లక్ష్యమూ పెట్టుకోకుండానే, అదే కూర తిని ఐదు కిలోలు తగ్గింది. అబ్బాయికి తేడా ఏమీ లేదు, వాడి వయసుకి వాడు సరిగ్గానే ఉన్నాడు, అన్నం వాడికి ఎప్పుడూ తూచలేదు.

పోయిన నెలలో ఒక అమ్మాయి షాపుకొచ్చింది. రెండు నెలల్లో పెళ్లట, పది కిలోలు తగ్గడానికి పొడి ఏదైనా ఉందా అంది. "పెళ్లిలోపు మూడు నాలుగు కిలోలు తగ్గొచ్చమ్మా, ఒళ్లు పాడవకుండా" అన్నాను. దాని మొహం చిన్నబోయింది. కూర సంగతి, నూనె క్యాను సంగతి చెప్పాను. ఏమీ కొనకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాదనుకున్నాను. మొన్న శుక్రవారం వచ్చి మిషన్ ఎక్కింది. కిలోంపావు తగ్గింది. "అంకుల్, మా అమ్మ కూడా క్యాను మీద తేదీ రాసింది" అని చెప్పి వెళ్లింది.

ఆ మాట ఇంటికెళ్లి చెప్పాను. వంటింట్లో పాత క్యాను ఖాళీ అయి ఉంది. నలభై మూడు రోజులు వచ్చింది. కొత్తది తెరవాలి. అమ్మ వాకర్ పట్టుకుని మెల్లగా వచ్చి, ప్లాస్టర్ ముక్క చింపి క్యాను మీద అంటించి, పెన్ను ఇమ్మని చెయ్యి చాపింది.